ఒకే వంట తినే సైనికుల పేగు బ్యాక్టీరియాలో తేడా ఎక్కడిది?

నమస్కారం. సూక్ష్మజీవశాస్త్రం చదువుతున్నాను. ఒకే శిబిరంలో ఉంటూ, ఒకే వంటశాలలో తింటూ, ఒకే వేళకు నిద్రలేచే సైనికుల పేగు బ్యాక్టీరియా వారి జాతి నేపథ్యాన్ని బట్టి ఎంతవరకు వేరుగా ఉంటుంది? తిండి, శ్రమ, నిద్ర ఇంతగా ఒక్క తీరున సాగే మనుషులు అరుదు కాబట్టే సైన్యాన్ని ఎంచుకున్నాను.

2018లో ఆమ్‌స్టర్‌డామ్ నగరవాసులపై వచ్చిన పరిశోధన, ఒకే ఊళ్లో ఉన్నా జాతి సమూహాల మధ్య తేడా ఉందని చూపింది. అదే ఏడాది ఇజ్రాయెల్‌లో వెయ్యి మందికి పైగా పరిశీలించిన బృందం మాత్రం వంశపు జన్యువుల పాత్ర స్వల్పమని, తిండీ పరిసరాలే ముఖ్యమని తేల్చింది. ఈ రెండింటినీ ఎలా కలిపి చదవాలో నాకు అంతుపట్టడం లేదు.

ఆహారం మారితే కొద్ది రోజుల్లోనే బ్యాక్టీరియా పాళ్లు మారతాయి, నిజమే. కానీ పేగుల్లో ఉండే రెండు బ్యాక్టీరియా రకాల్లో ప్రివోటెల్లా ఎక్కువా, బ్యాక్టీరాయిడిస్ ఎక్కువా అన్న పాత ముద్ర నెలల శిక్షణ తర్వాత కూడా మిగులుతుందా? చేరిన రోజున ఒక మల నమూనా, మూడు నెలలకు మరొకటి సరిపోతాయా? యాంటీబయాటిక్ వాడినవారిని వదిలేయాలా? జాతి పేరు అడగడం కన్నా పుట్టిన చోటు, బాల్యంలో తిన్న తిండి అడగడమే నయమని నా నమ్మకం. ఇలాంటి పని చేసినవారు దయచేసి దారి చూపండి.