జావా కొండమీది సెంబుంగన్ ఊరు: రెండు రాత్రులు ఉండదగ్గదేనా?

బద్ధకపు_బాటసారి:
ఆగస్టులో అమ్మా నేనూ యోగ్యకర్త వెళ్తున్నాం. బోరోబుదుర్, ప్రంబనన్ ఎలాగూ చూస్తాం. డియెంగ్ పీఠభూమి మీద అర్జునుడు, భీముడు, ఘటోత్కచుడి పేర్లతో గుళ్ళున్నాయని ఎవరో చెప్పారు, అప్పట్నుంచీ అమ్మ అక్కడికి తీసుకెళ్ళమని ఒకటే గొడవ. ఏజెంటేమో అర్ధరాత్రి బయల్దేరదీసి, సికునిర్ కొండమీద సూర్యోదయం చూపించి, సాయంత్రానికి వెనక్కి దింపేస్తానంటున్నాడు. అరవై రెండేళ్ళ మనిషిని అలా ఊపుకుంటూ తిప్పడం నాకిష్టం లేదు. ఆ కొండ కిందే సెంబుంగన్ అని చిన్న ఊరుందట. అక్కడే రెండు రాత్రులుంటే? ఎవరైనా ఉండొచ్చారా?

కుంపటి_పక్కన:
ఉండొచ్చానండీ, మూడుసార్లు. మావారి ఉద్యోగం వల్ల నాలుగేళ్ళు సెమరాంగ్‌లో కాపురం చేశాం. ఎండకి విసుగొచ్చినప్పుడల్లా అక్కడికే ఎక్కేవాళ్ళం.

ముందు అమ్మగారికి ఒక మాట చెప్పి తీసుకెళ్ళండి. అవి పాండవులు కట్టినవి కావు. క్రీ.శ. ఏడు, ఎనిమిదో శతాబ్దాల నాటి శివాలయాలు, జావాలో మిగిలిన గుళ్ళలో అతి పాతవాటి కింద లెక్క. తోలుబొమ్మలాటలో విన్న పేర్లు ఊళ్ళవాళ్ళు ఎంతో తర్వాత తగిలించారు. అందుకే ధర్మరాజు అక్కడ పుంతదేవ, సుభద్ర సెంబద్ర. శిఖండి స్రికండి అయింది. జావా కథలో ఆవిడ ఆడదే, పైగా అర్జునుడి భార్య. ఈ ముక్క చెప్పినందుకు మా అత్తగారు ఒకపూట నాతో మాట్లాడలేదు. అర్జున గుడికి ఎదురుగా కూర్చున్నట్టుండే పొట్టి గుడి సెమార్‌ది. ఈయన మన భారతంలో లేడు. పాండవుల వెంట తిరిగే పొట్ట మనిషి, నవ్విస్తాడు, కానీ మారువేషంలో ఉన్న దేవుడంటారు. భీమ గుడి మాత్రం విడిగా, కాస్త దూరంలో. శిఖరం గూళ్ళలోంచి రాతి ముఖాలు తొంగిచూస్తుంటాయి. నన్నడిగితే మొత్తం అన్నిట్లోకీ అదొక్కటే చాలు. గుళ్ళన్నీ కలిపి ఒక పూట పని. అన్నీ చిన్నవే.

ఇక సెంబుంగన్. ఊరి మొదట్లోనే జావా ద్వీపంలోకెల్లా ఎత్తయిన ఊరని బోర్డు, దాదాపు 2,300 మీటర్లు. ఓ పక్క తెలాగ చెబోంగ్. తెలాగ అంటే చెరువు, మన తటాకమే. ఊరిని దేశ అంటారు, ఊరిపెద్ద కెపల దేశ. కెపల అంటే తల, మన కపాలం! అందరూ ముస్లింలే, మసీదు చుట్టూ ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఆ ఇళ్ళు దాటితే కొండ నెత్తి దాకా బంగాళాదుంప.

దుంపే వాళ్ళ బతుకు. మీరు వెళ్ళేది సరిగ్గా ఎంబున్ ఉపస్ రోజుల్లో. ఎంబున్ అంటే మంచు, ఉపస్ అంటే విషం. జూలై, ఆగస్టుల్లో ఆకాశం తేటగా ఉన్న రాత్రి చలి సున్నా కిందికి దిగి, గడ్డంతా తెల్లగా బిగుసుకుపోతుంది. జనం ఫొటోలకి ఎగబడతారు. మేం దిగిన ఇంటావిడ (ఊళ్ళో పెద్దావిడని ‘బు’ అనాలి, అమ్మ అన్నట్టు) తెల్లారకముందే గొట్టం పట్టుకుని చేలోకి పోవడం చూసి, ఈ చలిలో నీళ్ళేంటని నేనూ వెనకాలే వెళ్ళాను. ఆకు మీద పేరుకున్న మంచుని ఎండ పడేలోపు కడిగెయ్యాలట. నీళ్ళందని రెండు చాళ్ళు మధ్యాహ్నానికి వేడినీళ్ళు పోసినట్టు నల్లగా వాలిపోయాయి. ఆవిడ ఏమీ అనలేదు, ఆకు ఒకటి తుంచి నా చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఆ మంచుని ఫొటో తియ్యబుద్ధి కాలేదు.

అన్నట్టు చాళ్ళన్నీ వాలుకి అడ్డంగా కాదు, నిలువునా ఉంటాయి. నీరు నిలిస్తే దుంప కుళ్ళుతుందని వాళ్ళ బాధ. వానొస్తే మట్టి జారి సెరాయు నదిలో పడి, కింద బంజర్నెగర జిల్లాలో మ్రిచ జలాశయాన్ని పూడుస్తోంది. ఆ నది పుట్టే ఊటని తుక్ బిమ లుకర్ అంటారు, అంటే భీముడు బట్టలు విప్పిన ఊట. అమ్మగారికి ఇది తప్పక చూపించండి.

ఇంకో సంగతి. జుట్టు జడలు కట్టిన చిన్నపిల్లలు కనిపిస్తే ముచ్చటపడి తల నిమరకండి. గింబల్ పిల్లలంటారు. జ్వరమొచ్చి తగ్గాక జుట్టు దానంతటదే అలా కడుతుందని చెప్తారు. పిల్ల తనంతట తాను అడిగినప్పుడే తీయించాలి, అప్పుడు ఏది కోరితే అది ఇవ్వాలి. ఇవ్వకపోతే మళ్ళీ కడుతుందని నమ్మకం. మా ఇంటావిడ మనవరాలు సైకిలూ, దాంతోపాటు నల్ల మేకా అడిగింది. తాత మేక దగ్గర బేరం పెట్టాడు, అది వినలేదు!

గంధకపు_వాసన:
అక్కగారు అంతా తియ్యగా చెప్పారు, నేను కాస్త చేదు కలుపుతా. భూమి వేడితో కరెంటు తీసే పనిమీద డియెంగ్‌లో ఎనిమిది వారాలున్నాను. అక్కడ 60 మెగావాట్ల కేంద్రం ఉంది, ఆవిరి గొట్టాలు పొలాల మధ్యలోంచే పోతాయి. 1979 ఫిబ్రవరి 20న సినిల అనే అగ్నిపర్వత బిలం పేలినప్పుడు జనం ఇళ్ళు వదిలి పరిగెత్తి, దారిలో బొగ్గుపులుసు వాయువు కమ్ముకుని 149 మంది పోయారు. పేలుడు కాదు చంపింది, గాలి. రంగూ వాసనా ఉండదు, గాలికన్నా బరువు కాబట్టి పల్లంలో నిలబడుతుంది. కెపుచుకన్ అనే ఊళ్ళో ఆ తర్వాత ఎవరూ కాపురం పెట్టలేదు. సెంబుంగన్ అటువైపు కాదు, భయపడక్కర్లేదు. కానీ కంచె వేసిన బిలం దగ్గర ఫొటో కోసం కంచె దాటేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. సికిదంగ్ బిలం చూడండి, దారి బాగుంది. కిదంగ్ అంటే జింక. ఉడికే బురద గుంట ఇవాళ ఇక్కడుంటే కొన్నాళ్ళకి ఇంకోచోటికి దూకుతుందని ఆ పేరు.

రెండు రాత్రులు అవసరం లేదు. ఒకటి చాలు. చలికి రెండో రాత్రి అమ్మగారే వెళ్దామంటారు.

బద్ధకపు_బాటసారి:
ఇద్దరికీ థాంక్సండీ. అమ్మకి సెమార్ సంగతి చదివి వినిపిస్తే ముందు ఆయన గుడికే పోదామంది. మేం శాకాహారులం, అక్కడ ఏం తినాలి? సికునిర్ కొండ అమ్మ ఎక్కగలదా?

కుంపటి_పక్కన:
తమ్ముడూ, మొదటి రాత్రి అలవాటు పడటానికే పోతుంది, రెండో రాత్రే అసలు రాత్రి. చలికి వాళ్ళు ముందుగదిలో కూర్చోరు. చుట్టాలొచ్చినా వంటింట్లో నిప్పు చుట్టూ పీటలేస్తారు. అమ్మగారికి అక్కడ చోటు దొరికితే ఇక కదలరు. మేం గదికి రాత్రికి 2,00,000 రూపియా ఇచ్చాం, దుప్పట్లు ఇంకో రెండు అడిగి తీసుకోండి.

కొండ కింది పట్నం వొనొసొబోలో అందరూ మి ఒంగ్‌క్లొక్ తినమంటారు. చిక్కటి గుజ్జు పోసిన నూడుల్స్. ఆ గుజ్జులో ఎండు రొయ్యలుంటాయి, మీకు పనికిరాదు. నేను తెలీక సగం తిన్నాక అడిగాను. తెంపె కెముల్ తినండి. పులియబెట్టిన సోయా ముక్కల్ని పసుపు పిండిలో ముంచి వేయిస్తారు. కెముల్ అంటే దుప్పటి, పిండి దుప్పటి కప్పుకున్నట్టుంటుంది. ఇక కరిక. కొండ బొప్పాయి, పాకంలో వేసి సీసాల్లో అమ్ముతారు. పచ్చిది కొనకండి, పాలు కారి పెదవి దురద.

సికునిర్ మెట్లు పెద్దావిడ మెల్లిగా ఎక్కితే గంట. కాకపోతే సెలవురోజు చీకట్లో క్యూలో ఎక్కడం ఆవిడకి నరకం. అమ్మగారిని వంటింట్లో వదిలి మీరొక్కరే ఎక్కి రండి. దిగొచ్చేసరికి దుంపలు కాల్చి ఉంచుతారు.