టవర్ ఆగిపోతే కబురెట్లా? వాకీటాకీలా, మైక్ సెట్టా?

చందంపేట యువకుడు:
మొన్న ఎండాకాలం గాలిదుమారానికి కరెంటు స్తంభాలు కూలి మా ఊళ్లో రెండు రోజులు చీకటి. టవర్ కూడా మొదటి రాత్రే ఆగిపోయింది. తెల్లవారుజామున ఒకరికి పాము కరిస్తే అంబులెన్సుకు ఫోన్ కలవలేదు, బైకు మీదనే దేవరకొండ తీసుకుపోయాం. ప్రాణం దక్కింది. యువజన సంఘం దగ్గర 12,000 రూపాయలున్నాయి. వాకీటాకీలు కొందామని సగం మంది, పంచాయతీ మైక్‌కు బ్యాటరీ పెడదామని సగం మంది. మీరేమంటారు?

రిటైర్డ్ లైన్‌మన్:
తమ్మీ, ముందు మైకే. పాత ల్యాండ్‌లైన్ ఇంట్లో కరెంటు పోయినా మోగేది. ఎక్స్ఛేంజీలో ఉన్న బ్యాటరీల నుంచి 48 వోల్టులు ఆ రాగితీగలోనే వచ్చేవి. ఇప్పటి ఫైబర్ పెట్టెకు మన ఇంటి కరెంటే దిక్కు. 12 వోల్టుల మీద నడిచే యాంప్లిఫయర్ తెస్తే ట్రాక్టర్ బ్యాటరీ చాలు. చెరువు కట్ట తెగేటట్టుంటే ఒక్కొక్కరికీ చెప్పేంత టైం ఉండదు. మైకులు లేని రోజుల్లో ఒక్క డప్పు చాటింపుతో ఊరంతా లేచేది. ఇంకో మాట: మీ సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా 112 కొట్టి చూడండి. దగ్గర్లో వేరే కంపెనీ టవర్ నడుస్తుంటే దాని మీద కాల్ పోతుంది.

తండా టీచర్:
అన్నా, ఆ మైక్ గుట్ట అవతల మా తండాకు వినిపించదు. పైగా మైక్ చెప్తుందే గానీ వినదు. అర్ధరాత్రి మా తండాలో ఎవరికైనా పురిటినొప్పులొస్తే ఆ సంగతి ఊళ్లోకి ఎట్లా చేరాలి? నా ఓటు వాకీటాకీలకే.

చందంపేట యువకుడు:
ఆన్‌లైన్‌లో 5 వాట్ల సెట్లు అగ్గువకే ఉన్నాయి కదా సార్?

హ్యామ్ ఆపరేటర్, నల్లగొండ:
అవి కొనకండి. లైసెన్స్ లేకుండా వాడగలిగేది 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ పవర్ సెట్లే. మిగతా వాటిని అడ్డగోలుగా అమ్ముతున్నారనే 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ అమ్మకందారులకు నోటీసులిచ్చింది. శాటిలైట్ ఫోన్ కూడా అనుమతి లేకుండా దగ్గరుంచుకుంటే కేసే.
హ్యామ్ అంటే లైసెన్స్ తీసుకుని సొంతంగా నడుపుకునే రేడియో; మీలో ఇద్దరు ముగ్గురు ఆ పరీక్ష రాయండి. 12 ఏళ్లు నిండినవాళ్లెవరైనా రాయొచ్చు. 2004 డిసెంబరు సునామీ వచ్చినప్పుడు హ్యామ్ ఆపరేటర్ భారతి ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. ఫోన్లు పడిపోయిన అండమాన్ నుంచి వాళ్ల రేడియో మీదే జనం క్షేమసమాచారాలు బయటికొచ్చాయి. అయితే లైసెన్స్ చేతికి రావడానికి టైం పడుతుంది, ఈ వానాకాలానికి దాన్ని నమ్ముకోవద్దు.

తండా టీచర్:
తక్కువ పవర్ సెట్టు మాట గుట్ట దాటుతుందా సార్?

హ్యామ్ ఆపరేటర్, నల్లగొండ:
నేరుగా దాటడం కష్టం. గుట్ట మీద ఒక మనిషి నిలబడి ఇటు మాట అటు అందిస్తే దాటుతుంది.

రిటైర్డ్ లైన్‌మన్:
వానలో, అర్ధరాత్రి ఆ గుట్టెక్కే మనిషి ఎవరు? ముందు ఆ పేరు చెప్పండి.

చందంపేట యువకుడు:
న్యాయమైన మాట. ఆదివారం పొద్దున రెండు సెట్లు అడిగి తెచ్చి, గుట్ట మీద నేనే నిలబడి చూస్తా. తండా దాకా మాట చేరితే బ్యాటరీకి సగం, సెట్లకు సగం. చేరకపోతే తండాకు కూడా ఒక మైక్. టీచర్ గారూ, ఏడు గంటలకు తండా బడి దగ్గర ఉండండి.