ఇరుకు సీసాలో ఈగలు చిన్నగా రావడం పరిణామమేనా?

ఉప్పల్_బయాలజీ_టీచర్
పదో తరగతి పిల్లలతో రెండు సీసాల్లో మగ్గిన అరటిపండు వేసి పండు ఈగల్ని పెంచుతున్నాం. ఒక దాంట్లో లార్వాలు కిక్కిరిసిపోయాయి, అందులోంచి వచ్చిన ఈగలు బాగా చిన్నగా ఉన్నాయి. "ఇరుకుకి తగ్గట్టు మారాయి, ఇదే పరిణామం కదా మేడమ్" అంటోంది ఒక అమ్మాయి. ఏం చెప్పాలి?

తార్నాక_ఈగల_ల్యాబ్
ఆ అమ్మాయి మంచి ప్రశ్నే అడిగింది మేడమ్, కానీ అది పరిణామం కాదు, తిండి చాలక చిన్నగా అయ్యాయంతే. వాటి గుడ్లు కొన్ని తీసి తిండి దండిగా ఉన్న సీసాలో వేయండి, పది పన్నెండు రోజుల్లో మామూలు సైజు ఈగలే వస్తాయి. తరాల తరబడి ఇరుకులోనే పెంచితే, అక్కడ బతికి గుడ్లు పెట్టగలిగినవాటి జన్యువులు మందలో పెరుగుతూ పోతాయి, పరిణామం అంటే అది. అందుకే ల్యాబుల్లో పోల్చే ముందు రెండు మందల్నీ ఒక తరం ఒకేలాంటి సదుపాయాల్లో పెంచుతారు, అప్పటికీ తేడా కనిపిస్తేనే లెక్క.

అమెరికాలో లారెన్స్ మ్యూలర్, అమితాబ్ జోషి అనే శాస్త్రవేత్తలు తరాల తరబడి ఇరుకులో పెంచిన మందల్లో లార్వాలు గబగబా తినేలా మారాయి, తిండిలో పేరుకునే అమ్మోనియాను కూడా ఎక్కువ తట్టుకున్నాయి. కాకపోతే అవి ఎదగడానికి తిండి ఎక్కువ పట్టింది, నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఇదే. ఇరుకు మందల్లో తిరుగుతూ తినే రకం, ఇరుకు లేని మందల్లో ఒకచోటే ఉండి తినే రకం పెరిగాయని 1997లో మార్లా సొకొలోవ్‌స్కీ బృందం చూపించింది.

నల్లకుంట_ఎమ్మెస్సీ
అన్నా, గబగబా తినడం ఒక్కటే దారి కాదు. జోషి గారి బెంగళూరు ల్యాబ్ నుంచి 2016లో వచ్చిన పేపర్లు చూడండి. వేరే జాతుల ఈగలు తినే వేగం పెరగకుండానే ఇరుకుకి అలవాటుపడ్డాయి, త్వరగా ఎదిగి ప్యూపా (ఈగగా మారే ముందు దశ) అయిపోవడం వాటి దారి. తిండి పరిమాణం బాగా తగ్గిస్తే మెలనోగాస్టర్ (ల్యాబుల్లో మామూలుగా పెంచే పండు ఈగ జాతి) కూడా దాదాపు అలాగే మారింది. అంటే ఎన్ని గుడ్లున్నాయన్నదే కాదు, సీసాలో తిండి ఎంత ఉందన్నదీ చూడాలి.

ఉప్పల్_బయాలజీ_టీచర్
చాలా థ్యాంక్సండీ. ముందు ఆ గుడ్ల పరీక్ష పిల్లలతోనే చేయిస్తాను. ఇంకేం జాగ్రత్తలు తీసుకోవాలి?

తార్నాక_ఈగల_ల్యాబ్
గుడ్లు లెక్కపెట్టించండి, తిండి తూచి వేయండి. మన ఎండల్లో మాత్రం సీసాలు చల్లని గదిలో పెట్టాలి మేడమ్, 30 డిగ్రీల దగ్గర పెరిగిన మగ ఈగలకు సంతానం కలగదు, మంద అక్కడితో ఆగిపోతుంది.