‘యువర్ షో ఆఫ్ షోస్’ ఘనత సిడ్ సీజర్‌దా, రాసినవాళ్లదా?

పాతరీలు (చర్చ ప్రారంభించినవారు)
అమెరికా టెలివిజన్ తొలినాళ్ల హాస్య కార్యక్రమాల్లో ‘యువర్ షో ఆఫ్ షోస్’కు సాటి లేదని ఎక్కడ చూసినా రాస్తున్నారు. తెలియనివారి కోసం రెండు ముక్కలు చెబుతాను. ఎన్‌బీసీ టీవీ నెట్‌వర్క్‌లో 1950 ఫిబ్రవరి 25న మొదలై 1954 జూన్ 5న ముగిసిన ఈ కార్యక్రమం శనివారం రాత్రి న్యూయార్క్ నుంచి 90 నిమిషాల పాటు ప్రత్యక్షంగా ప్రసారమయ్యేది. మాక్స్ లీబ్‌మన్ నిర్మాత. సిడ్ సీజర్, ఇమోజీన్ కోకా ప్రధాన నటులు కాగా, కార్ల్ రైనర్, హోవర్డ్ మోరిస్ వారికి తోడుగా ఉండేవారు. యూట్యూబులో దొరికినంత మేరకు చూశాక నాకు కలిగిన అభిప్రాయం ఏమిటంటే, ఈ కార్యక్రమానికి ఈనాడున్న పేరులో సగానికి పైగా అరువు సొమ్మే. అక్కడ రచయితలుగా పనిచేసిన మెల్ బ్రూక్స్, నీల్ సైమన్ తరువాతి కాలంలో సినిమాల్లోనూ నాటకరంగంలోనూ మహామహులయ్యారు కనుక, వాళ్లు కుర్రతనంలో కూర్చున్న గది కూడా పుణ్యక్షేత్రమైపోయింది. వాళ్లు పైకి రాకపోయి ఉంటే సీజర్‌ను ఈ రోజు తలుచుకునేవారెవరు?

డాలస్ పెద్దాయన
పాతరీలు గారూ, మీరు విషయాన్ని తలకిందులు చేసి చెబుతున్నారు. ఆ రచయితలంతా ఒకచోట చేరింది సీజర్ ఉన్నాడు కాబట్టే. మెల్ బ్రూక్స్‌కు మొదట్లో జీతమిచ్చింది నెట్‌వర్క్ కాదు, సీజర్ సొంత జేబు. ఇక నటన సంగతికి వస్తే, న్యూయార్క్ పక్కనున్న యాంకర్స్‌లో సీజర్ తండ్రి చిన్న హోటల్ నడిపేవాడు. ఒక బల్ల దగ్గర ఇటలీవాళ్లు, ఇంకో బల్ల దగ్గర రష్యావాళ్లు, మరో బల్ల దగ్గర పోలండువాళ్లు కూర్చుని తింటూ మాట్లాడుకుంటుంటే ఈ పిల్లవాడు ఖాళీ పళ్లేలు తీస్తూ వాళ్ల ఉచ్చారణలోని ఎత్తుపల్లాలను పట్టేశాడు. అందుకే పెద్దయ్యాక ఒక్క అర్థవంతమైన మాట లేకుండా జర్మన్, ఫ్రెంచి, ఇటాలియన్ మాట్లాడినట్టే మాట్లాడేవాడు. నాకు ఆ భాషలు రావు, ఆయనకూ రావు, అయినా ఆయన మాట్లాడుతుంటే ఎవరిని తిడుతున్నాడో, ఎవరిని బతిమాలుతున్నాడో నాకు తెలిసిపోతుంది. ఇది కాగితం మీద ఎవడు రాయగలడు? ఎదురుగా పెట్టుకుని చదువుకోవడానికి అట్టలు కూడా వాడేవారు కాదు. ఒకసారి ఒపెరాకు పేరడీగా వేసిన స్కెచ్‌లో (చిన్న హాస్య నాటికలో), అద్దం ముందు కూర్చుని చెంప మీద కన్నీటిచుక్క గీసుకుంటుండగా పెన్సిలు విరిగింది. ఇంకొకడైతే బిక్కచచ్చిపోయేవాడు. సీజర్ మాత్రం పాట ఆపకుండా, చెంప మీద అడ్డగీతలూ నిలువుగీతలూ గీసి, సున్నాలూ ఇంటూలూ వేసి తనతో తనే ఆట ఆడుకున్నాడు. దేశమంతా చూస్తుండగా ఇది జరిగింది.

తెనాలి గళం
పెద్దాయన గారూ, మీరు చెప్పిన పెన్సిలు ఘట్టం సీజర్ దీని తరువాత చేసిన ‘సీజర్స్ అవర్’లోది. అందులో పక్కన ఉన్నది నానెట్ ఫాబ్రే. ఈ చర్చ నడుస్తున్న కార్యక్రమంలో ఆమె లేరు.

డాలస్ పెద్దాయన
కార్యక్రమం పేరు మారినంత మాత్రాన మనిషి మారడు. ఆ ముఖం అదే, ఆ గొంతు అదే.

పాతరీలు
మనిషి మారడు, నిజమే. కానీ మనం మాట్లాడుకుంటున్నది మనిషి గురించి కాదు, 1950 నుంచి 1954 దాకా నడిచిన ఒక కార్యక్రమం గురించి. మీ ప్రధాన సాక్ష్యమే వేరే కార్యక్రమం నుంచి వచ్చినప్పుడు మీ వాదన ఎక్కడ నిలుస్తుంది? ఇదే అసలు చిక్కు. మన కార్యక్రమంలోంచే ఒకటి చెబుతాను. బవేరియా గడియారం స్కెచ్‌లో నలుగురూ గంట కొట్టే బొమ్మలు. మొదటి గంటకు అన్నీ సవ్యంగా తిరుగుతాయి. తరువాతి గంటలకు ఒక బొమ్మ లయ తప్పుతుంది, ఇంకో బొమ్మ చేతిలోది పక్క బొమ్మకు తగులుతుంది, చివరికి యంత్రం మొత్తం గతి తప్పుతుంది. అందులో మాటలు లేవు, పరభాషల అనుకరణ లేదు, అప్పటికప్పుడు కల్పించడానికి చోటే లేదు. ఒక్క అడుగు తేడా వచ్చినా నవ్వు పోతుంది. అది ముందుగా లెక్క కట్టి కూర్చిన పని. 2000లో న్యూయార్క్‌లోని సిటీ సెంటర్ భవనంలో తాళం వేసి ఉన్న అలమర తెరిస్తే లీబ్‌మన్ దాచిన స్క్రిప్టులు పెట్టెల కొద్దీ బయటపడ్డాయి. ఏమీ రాయకుండానే నడిచి ఉంటే ఆ పెట్టెల్లో ఏముందంటారు?

గోదావరి గట్టు
వుడీ అలెన్ కూడా ఈ కార్యక్రమానికే రాశాడు కదా, ఆయన పేరు ఎవరూ ఎత్తరేమి?

తెనాలి గళం
రాయలేదండీ. వుడీ అలెన్ సీజర్ కోసం రాసింది 1958 నాటి ప్రత్యేక కార్యక్రమానికి. లారీ గెల్‌బార్ట్ కూడా ‘సీజర్స్ అవర్’ మనిషే. ఈ రెండు పేర్లనూ ప్రతి వ్యాసంలోనూ ఇక్కడే కలిపేస్తుంటారు. పాతరీలు గారు చెప్పిన ‘అరువు’ మాటలో ఆ మేరకు నిజముంది.

కృష్ణలంక కుర్రాడు
నాకు మాత్రం రెండు స్కెచ్‌లు చూసేసరికి విసుగొచ్చింది. ఒక్కొక్కటి పది పన్నెండు నిమిషాలు సాగుతుంది, బొమ్మ కూడా మసకగా ఉంది.

తెనాలి గళం
మసక అనేది నటుల తప్పూ కాదు, రచయితల తప్పూ కాదు. అప్పటికి వీడియో టేపు లేదు. టీవీ తెర ముందు ఫిల్ము కెమెరా పెట్టి తీసిన కినెస్కోపులే మనకు మిగిలాయి. తూర్పు తీరం నుంచి పడమటి తీరం దాకా ప్రసార సంధానం 1951 సెప్టెంబరులో గానీ కుదరలేదు కనుక, ఆ సంధానం చేరని ఊళ్లకు ఆ ఫిల్ములనే పంపేవారు. ఇక నిడివి గురించి మీరు అంటున్నది రుచికి సంబంధించిన సంగతి, దాని మీద నేను వాదించను.

రాతగాడు
ఇంతవరకూ చదువుతూ ఊరుకున్నాను. మా ఊరి తెలుగు సంఘం సంక్రాంతి సంబరాలకు నేను వరుసగా కొన్నేళ్లు హాస్య నాటికలు రాశాను. ఒక ఏడు నాటిక బ్రహ్మాండంగా పండింది. అల్లుడి వేషం వేసినాయనకు వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు, ఫొటో తీశారు, సంచికలో అచ్చు వేశారు. రాసిన నేను అదే సమయంలో వెనకాల కుర్చీలు సర్దుతున్నాను. నా పేరు మైకులో చెప్పమని కార్యదర్శిని అడిగితే ‘టైమ్ లేదండీ’ అన్నాడు. నాలుగేళ్ల పాటు వారం వారం గంటన్నర హాస్యాన్ని కొత్తగా పుట్టించినవాళ్లు ఎవరో ఆనాటి ప్రేక్షకుల్లో ఎంతమందికి తెలుసు? వాళ్లలో ఇద్దరు ముగ్గురు తరువాత సొంతంగా పేరు తెచ్చుకున్నారు కాబట్టి మనం ఈ రోజు ఈ ప్రశ్న వేస్తున్నాం. మిగిలినవాళ్ల మాటేమిటి?

డాలస్ పెద్దాయన
రాతగాడు గారూ, మీకు జరిగింది అన్యాయమే. కానీ ఆ శాలువాను తెచ్చి సీజర్ మెడకు ఉరి బిగించకండి. నేను చిన్నప్పుడు పరిషత్తు నాటకాలు ఆడినవాణ్ణి. పేజీల కొద్దీ ఉపన్యాసాలు రాసి ఇచ్చేవారు. మొదటి రెండు వరసల్లో జనం దగ్గడం మొదలుపెట్టగానే సగం కోసేసి, మిగతా సగాన్ని చూపుతోనూ విరుపుతోనూ గట్టెక్కించేవాళ్లం. మర్నాడు బహుమతి ‘ఉత్తమ రచన’కు వెళ్లేది. ఆ రచయిత మమ్మల్ని పలకరించకుండా బస్సెక్కేవాడు. కాగితం దానంతట అది నవ్వించదు. నవ్వించగలిగితే నాటిక పుస్తకం చదివి జనం పడిపడి నవ్వాలి కదా?

పాతరీలు
అంటే రచయిత అంటే కాగితం ఖరాబు చేసేవాడన్నమాట. మీ ఊరి రచయిత మీద కోపాన్ని ఈ కార్యక్రమానికి రాసిన మెల్ టోల్కిన్ మీద తీర్చుకుంటున్నారు.

డాలస్ పెద్దాయన
మీరు నటుణ్ణి తోలుబొమ్మ చేశారు, దాన్ని ఏమంటారు? వారం వారం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కెమెరా ముందు నిలబడ్డవాడు ఆయన. ఆ ఒత్తిడికి తాగుడు, మాత్రలు అలవాటై ఏళ్ల తరబడి జీవితం పాడైన సంగతి సీజరే తన ఆత్మకథలో రాసుకున్నాడు. రాసినవాళ్లు మాత్రం ఇంటికి వెళ్లి హాయిగా నిద్రపోయారు.

నిర్వాహకుడు
సభ్యులు పరస్పరం మనుషుల మీదికి వెళ్లకుండా విషయం మీద ఉండవలసిందిగా కోరుతున్నాను.

మౌనవీక్షకి
ఇంతసేపు చదివాను. సీజర్ ఎన్నిసార్లు వచ్చాడో, బ్రూక్స్ ఎన్నిసార్లు వచ్చాడో లెక్కే లేదు. ఇమోజీన్ కోకా పేరు మొదటి టపాలో ఒకసారి వచ్చింది, అంతే. గడియారం స్కెచ్‌ను అంతగా మెచ్చుకున్న పాతరీలు గారు కూడా ‘నలుగురూ’ అని సరిపెట్టారు. ఆమె సీజర్ కంటే వయసులో పెద్దది, అనుభవంలో ఇంకా పెద్దది. పెన్సిల్వేనియాలోని టామిమెంట్ విడిదిలో వేసవి పొడుగునా లీబ్‌మన్ వారానికో కొత్త ప్రదర్శన వేయించేవాడు. టెలివిజన్‌లో వారం వారం కొత్త సరుకు ఇవ్వడమనే ఆలోచనకు అసలు శిక్షణ జరిగింది అక్కడే, ఆ శిక్షణలో కోకా ఉంది. సీజర్, కోకా భార్యాభర్తలుగా వేసిన హికెన్‌లూపర్ దంపతుల స్కెచ్‌లు చూడండి. సీజర్ కేకలు వేస్తుంటాడు, ఆమె కనుబొమ్మ ఒక్కటి పైకెత్తుతుంది, నవ్వు ఆ కనుబొమ్మ దగ్గర పుడుతుంది.

రచయితల పక్షాన మాట్లాడినవారికి ఇంకో మాట. టోల్కిన్ పేరైనా వచ్చింది. ఆయనతో కలిసి టామిమెంట్ నుంచే వచ్చి, మొదటి నుంచీ ఈ కార్యక్రమానికి రాసిన లూసిల్ కాలెన్ పేరు మీలో ఒక్కరికీ గుర్తుకు రాలేదు. ఆ గదిలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి ఆమె. మగవాళ్ల అరుపుల మధ్య తన మాట వినిపించాలంటే బల్ల ఎక్కి ఎర్ర స్వెటర్ ఊపాల్సి వచ్చేదని ఆమే తరువాత చెప్పుకుంది. మీ ఇద్దరి వాదనలోనూ గెలిచేది ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లే.

డాలస్ పెద్దాయన
అమ్మా, కోకా గొప్ప నటి అని నేను కాదనను. కానీ 1954లో సీజర్, కోకా, లీబ్‌మన్ ముగ్గురినీ విడదీసి ఎవరి కార్యక్రమం వారికి ఇచ్చినప్పుడు, సీజర్‌ది 1957 దాకా నడిచింది, ఆమెది ఒక్క సీజనుతో ఆగిపోయింది. ఇది నేను చెప్పిన తీర్పు కాదు, ప్రేక్షకులు చెప్పిందే.

మౌనవీక్షకి
సీజర్ వెళ్తూ రైనర్‌నూ మోరిస్‌నూ టోల్కిన్‌నూ వెంటబెట్టుకుని వెళ్లాడు. అలవాటైన ఇల్లంతా ఆయన వెంట నడిచింది, ఆమె కొత్తగా కాపురం పెట్టుకోవాల్సి వచ్చింది. అయినా ప్రేక్షకుల తీర్పే ప్రమాణమంటే, ‘సీజర్స్ అవర్’ చివరికి లారెన్స్ వెల్క్ సంగీత కార్యక్రమం ముందు నిలబడలేకపోయింది. అప్పుడు సీజర్ కంటే వెల్క్ పెద్ద హాస్యనటుడని ఒప్పుకుంటారా?

రాతగాడు
ఈ మాటతో అసలు విషయం బయటపడింది. మనం ఇంతసేపూ ఎవరు గొప్ప అని మాట్లాడుకుంటున్నామనుకున్నాం. నిజానికి పేచీ అంతా పేరు ఎవరికి దక్కాలన్నది. సీజర్ గొప్పవాడు కాడని నేను ఏనాడూ అనుకోలేదు. నాకు మండేదల్లా ఆ గొప్పను ఆయన ఒక్కడి ఖాతాలో వేయడం.

పాతరీలు
నా వైఖరి అది కాదు. దయచేసి నన్ను ఆ గాటన కట్టకండి. ‘దిస్ ఈజ్ యువర్ స్టోరీ’ తీసుకోండి. సామాన్యుణ్ణి వేదిక మీదికి లాక్కొచ్చి అతని జీవితాన్ని అందరి ముందూ విప్పే ఒక కార్యక్రమానికి అది పేరడీ. సీజర్ ప్రేక్షకుల మధ్య కూర్చుని ఉంటాడు, రైనర్ పేరు పిలవగానే పారిపోతాడు, పట్టి తెస్తారు. ఆ ఊహలోనే నవ్వంతా ఉంది. మనిషి బతుకును అతని అనుమతి లేకుండా వినోదం చేయడమెంత దారుణమో ఆ ఊహ చెబుతుంది. సీజర్ బదులు ఇంకొక మంచి నటుడు ఉన్నా అది నిలబడుతుంది. నేను అంటున్నది పేరు గురించి కాదు, కాలానికి నిలిచేది ఏమిటన్నది.

డాలస్ పెద్దాయన
ఇంకొకడుంటే నిలబడుతుందా? అదే స్కెచ్‌లో గూపీ మామయ్యగా హోవర్డ్ మోరిస్ సీజర్ మీద పడి ఏడుస్తాడు, లాగేస్తే మళ్లీ వస్తాడు, చివరికి కాలిని కరుచుకుని వదలడు, సీజర్ ఆ కాలును ఈడ్చుకుంటూనే నడుస్తాడు. జనం ఏడుపొచ్చేలా నవ్వింది ఆ కాలి దగ్గర. మీరు చెప్పిన గొప్ప ఊహను నేను మీరు రాసేదాకా గమనించనే లేదు, అయినా నవ్వాను. ఊహ తెలియకుండా నవ్వినవాడి నవ్వు ఎవరి ఖాతాలోకి వెళ్తుంది?

తెనాలి గళం
కాలు పట్టుకోవడం స్క్రిప్టులో ఉందా లేదా అన్నది ఆ పెట్టెలు చూసినవారే చెప్పాలి.

పాతరీలు
ఉంటే పెద్దాయన గారు వాదన విరమిస్తారా?

డాలస్ పెద్దాయన
విరమించను. ‘కాలు పట్టుకొనును’ అని రాయడానికి ఒక్క నిమిషం చాలు. పట్టుకుని వేలాడి చూపించమనండి.

మౌనవీక్షకి
వచ్చే వారం హికెన్‌లూపర్ స్కెచ్‌ల మీద వేరే చర్చ మొదలుపెడుతున్నాను. అక్కడికి వచ్చేవారు ముందుగా కనీసం రెండైనా పూర్తిగా చూసి రావాలని మనవి. సీజర్ మాట్లాడనప్పుడు కోకా ఏం చేస్తోందో కూడా గమనించి రండి.