కేటలాగ్ పీడీఎఫ్‌లో లింకులు పనిచేయాలి, మా నంబరు ఎవరూ మార్చకూడదు. ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అవుతుందా?

గద్వాల (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది గద్వాల. ఇంట్లో రెండు మగ్గాలున్నాయి, అమ్మానాన్న నేస్తారు. మా వీధిలో ఇంకో ఆరు ఇళ్ల చీరలు కూడా నేనే ఫోన్ మీద అమ్మిపెడతాను. నెలకోసారి కొత్త చీరల ఫొటోలు, ధరలు పెట్టి పీడీఎఫ్ తయారుచేసి వాట్సాప్‌లో పంపుతాను.

పోయిన పండగప్పుడు పాత కస్టమర్ ఒకామె ఫోన్ చేసి "మీ నంబరు మారిందా" అని అడిగారు. ఆమె దగ్గరికి వచ్చిన పీడీఎఫ్ తెప్పించుకుని చూశాను. ఫొటోలన్నీ మావే. ఒకదాంట్లో కొంగు పట్టుకున్న మా అమ్మ చేతులు కూడా కనిపిస్తున్నాయి. కింద నంబరు మాత్రం వేరే ఎవరిదో. ఒక్కో చీరకు 800 రూపాయలు ఎక్కువ వేశారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నాకు మూడు సందేహాలు. ఒకటి, చీర ఫొటో మీద నొక్కితే నేరుగా మా వాట్సాప్ తెరుచుకోవాలి. లింకు పెట్టాను, కంప్యూటర్‌లో పనిచేస్తుంది, పీడీఎఫ్ చేశాక పనిచేయదు. రెండు, నంబరూ ధరా ఎవరూ మార్చకుండా లాక్ చేయాలి. మూడు, నేసేవాళ్ల మజూరి లెక్కలు ఇంకో ఫైల్‌లో ఉన్నాయి, అందులో బ్యాంకు అకౌంటు నంబర్లున్నాయి. అది ఇంకెవరి కంటా పడకూడదు. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనే స్థితి లేదు. మా దగ్గర లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఉంది.

నల్గొండ డీటీపీ

చెల్లె, లిబ్రేఆఫీస్ ఉంటే చాలు, రూపాయి ఖర్చు లేదు. ముందు ఒక మాట చెప్పు, పీడీఎఫ్ ఎట్లా చేస్తున్నావు? ప్రింట్ నొక్కి, ప్రింటర్ల లిస్టులో పీడీఎఫ్ అని ఉన్నది ఎంచుకుంటున్నావా?

గద్వాల

అవునన్నా. షాపులో అట్లాగే నేర్పించారు.

నల్గొండ డీటీపీ

లింకులు పోయేది అక్కడే. ప్రింట్ అంటే కాగితం మీద అచ్చు వేసినట్టే. అక్షరం కనపడుతుంది, బొమ్మ కనపడుతుంది, దాని వెనక ఉన్న లింకు రాదు. మా సెంటర్‌కి వచ్చే పదిమందిలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే.

ప్రింట్ వదిలెయ్. ఫైల్ మెనూ తెరువు, ఎక్స్‌పోర్ట్ యాజ్ అని ఉంటుంది, దాంట్లో ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్ నొక్కు. పైన టూల్‌బార్‌లో పీడీఎఫ్ బొమ్మతో చిన్న బటన్ ఉంటుంది, దాని జోలికి పోకు. అది ఏమీ అడగకుండా నేరుగా ఫైల్ చేసేస్తుంది, తాళం వేసే అవకాశం ఇవ్వదు. మెనూ నుంచి పోతేనే పెద్ద డబ్బా తెరుచుకుంటుంది. అందులో జనరల్, లింక్స్, సెక్యూరిటీ అని ట్యాబ్‌లుంటాయి.

ఫొటోకి లింకు పెట్టడానికి ఫొటో మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌కి పో. హైపర్‌లింక్ అనే ట్యాబ్ ఉంటుంది, యూఆర్ఎల్ గడిలో అడ్రస్ రాయి. అక్షరాలకైతే వాటిని సెలెక్ట్ చేసి కంట్రోల్, కె కలిపి నొక్కితే సరిపోతుంది.

వాట్సాప్ లింకు ఇట్లా ఉంటుంది: ముందు హెచ్‌టీటీపీఎస్, రెండు చుక్కలు (కోలన్), రెండు స్లాష్‌లు, తర్వాత డబ్ల్యూఏ డాట్ ఎమ్ఈ, స్లాష్, 91, వెంటనే పది అంకెల నంబరు. నంబరు ముందు ప్లస్ గుర్తు వద్దు, సున్నా వద్దు, మధ్యలో ఖాళీ గానీ గీత గానీ వద్దు. దాని తర్వాత ప్రశ్న గుర్తు పెట్టి టెక్స్ట్ ఈక్వల్స్ అని ఇంగ్లిషులో చేర్చి చీర నంబరు రాస్తే, కస్టమర్ నొక్కగానే ఆ నంబరు మెసేజ్ గడిలో సిద్ధంగా ఉంటుంది. పంపే బటన్ మాత్రం వాళ్లే నొక్కాలి. మెసేజ్‌లో ఖాళీ కావాలంటే లింకులో పర్సెంట్ గుర్తు, 20 రాయాలి. అందుకే "జి12" లాంటి చిన్న కోడ్ ఒక్కటి ఇంగ్లిషు అక్షరాల్లో పెట్టుకో, గొడవ ఉండదు.

గద్వాల

అన్నా, చేశాను, పనిచేసింది! మూడు ఫొటోలతో పరీక్షించి నాన్న ఫోన్‌కి పంపాను. నొక్కగానే చాట్ తెరుచుకుంది. మరి లాక్ సంగతి?

నల్గొండ డీటీపీ

అదే డబ్బాలో సెక్యూరిటీ ట్యాబ్, అందులో సెట్ పాస్‌వర్డ్స్ బటన్. రెండు పాస్‌వర్డ్‌లు అడుగుతుంది. మొదటిది ఫైల్ తెరవడానికి, రెండోది అనుమతుల కోసం. కేటలాగ్ అందరూ చూడాలి కాబట్టి మొదటిది ఖాళీగా వదిలెయ్, రెండోదే పెట్టు. పెట్టాక కింద ఆప్షన్లు పనిచేస్తాయి. ప్రింటింగ్ వద్దంటే నాట్ పర్మిటెడ్, మార్పులు వద్దంటే నాట్ పర్మిటెడ్, కాపీ టిక్ తీసెయ్. ఇక ఎవరూ ముట్టుకోలేరు.

పాలమూరు మాస్టారు

మిత్రమా, చివరి మాట ఒక్కటి సరిచేయాలి. అమ్మా, ఇది జాగ్రత్తగా చదువు, నీకు జరిగిన నష్టానికి అసలు జవాబు ఇక్కడే ఉంది.

ఆ రెండు పాస్‌వర్డ్‌లూ ఒక జాతివి కావు. తెరిచే పాస్‌వర్డ్ పెడితే ఫైల్‌లోని విషయమంతా గుప్తలిపిలోకి మారుతుంది. పాస్‌వర్డ్ తెలియకపోతే, సులువుగా ఊహించే మాట కాకపోతే, అందులో ఏముందో ఏ సాఫ్ట్‌వేరూ చదవలేదు. అది మగ్గం గదికి వేసిన తాళం. అనుమతుల పాస్‌వర్డ్ అలా కాదు. ఫైల్ ఎవరైనా తెరుచుకోవచ్చు, అంటే విషయమంతా వాళ్ల ముందుకు వచ్చేసినట్టే. "దీన్ని మార్చవద్దు, కాపీ చేయవద్దు" అన్న సూచన మాత్రం ఫైల్‌లో రాసి ఉంటుంది. మర్యాద గల రీడర్లు ఆ సూచన పాటిస్తాయి. పాటించని ప్రోగ్రాములూ ఉన్నాయి, ఆ పాస్‌వర్డ్ అడగకుండానే ఆంక్షలు తీసేసేవి ఉచితంగానే దొరుకుతాయి. ఇది లిబ్రేఆఫీస్ లోపం కాదు, పీడీఎఫ్ పద్ధతే అంత. గది తలుపు తీసి పెట్టి "లోపల ఏమీ ముట్టుకోవద్దు" అని పలక తగిలించడం లాంటిది.

పలక వద్దని నేను అనను. తెలియక మార్చేవాళ్లు, తొందరలో మార్చేవాళ్లు అక్కడే ఆగిపోతారు. కానీ నీ కేటలాగ్ మీద నంబరు మార్చినవాడు పనిగట్టుకుని చేశాడు. వాడికి స్క్రీన్‌షాట్ చాలు.

అందుకని నీ నంబరు పేజీ కింద అక్షరాల్లో మాత్రమే ఉండకూడదు. ఫొటోలోనే ఉండాలి. అదీ మూలన కాదు, మూల కత్తిరించడం నిమిషం పని. చీర ఒంటి మీద, అంచు దాకా వచ్చేటట్టు ఏటవాలుగా, లేత రంగులో, బుటా కనపడేంత పలచగా వేయాలి. దాన్ని తుడిస్తే చీర అందం పోతుంది, అప్పుడు ఆ ఫొటో వాడికి పనికిరాదు. ఫోన్‌లో ఫొటో ఎడిట్ చేసే యాప్‌తో చేసుకోవచ్చు, కంప్యూటర్‌లో అయితే గింప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే.

నల్గొండ డీటీపీ

మాస్టారూ, ఒప్పుకుంటున్నాను, ఎవరూ ముట్టుకోలేరు అనకుండా ఉండాల్సింది. లిబ్రేఆఫీస్ రైటర్‌లో ఫార్మాట్ మెనూ కింద వాటర్‌మార్క్ అని ఉంది కదా, ఒక్కో ఫొటోకి కష్టపడేకంటే అది సరిపోదా?

పాలమూరు మాస్టారు

అది పేజీ వెనకపక్క పడుతుంది. పేజీ నిండా చీరల ఫొటోలున్నప్పుడు వాటి కింద దాగిపోతుంది. ఉత్తరాలకు బాగుంటుంది, కేటలాగ్‌కు కాదు.

ఇంకో మూడు విషయాలు చెప్తాను. జనరల్ ట్యాబ్‌లో ఫొటోల రిజల్యూషన్ తగ్గించే చోట 150 డీపీఐ (అంగుళానికి 150 చుక్కలు) ఎంచుకో. ఫోన్‌లో చూడటానికి అది చాలు, ఫైల్ చిన్నదవుతుంది, ఫొటోలు దొంగిలించినవాళ్లు పెద్ద బ్యానర్ కొట్టించుకోవాలన్నా మసకగా వస్తుంది. అదే ట్యాబ్‌లో హైబ్రిడ్ పీడీఎఫ్ అని ఒక టిక్ ఉంటుంది. దాన్ని పొరపాటున కూడా పెట్టకు. పెడితే నీ అసలు డాక్యుమెంటు, మార్చుకోవడానికి వీలుగా, పీడీఎఫ్ కడుపులోనే పోతుంది. పీడీఎఫ్ ఏ అనే ఆర్కైవ్ టిక్ కూడా వద్దు, ఆ రకం ఫైల్‌కు పాస్‌వర్డ్ పెట్టనివ్వదు. చాలామంది "నాకు సెక్యూరిటీ పనిచేయడం లేదు" అని అడిగితే కారణం అదే ఉంటుంది.

కాపీ టిక్ తీసినా, దాని కిందే ఉన్న యాక్సెసిబిలిటీ టిక్ మాత్రం ఉంచు. చూపు లేనివాళ్ల ఫోన్ ఆ ధరలు చదివి వినిపించాలంటే అది కావాలి. వాళ్లూ ఇంట్లోవాళ్లకు చీరలు కొంటారు.

మిర్యాలగూడ, మిల్లు లెక్కలు రాసే మనిషి

మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు, అది నాకు బాగా తెలిసిన పని కాబట్టి నేను చెప్తాను. రైస్ మిల్లులో హమాలీల లెక్కలు, లారీ కిరాయిలు ఇట్లాగే పంపుతుంటాను.

మజూరి ఫైల్‌కు తెరిచే పాస్‌వర్డ్ తప్పనిసరి, మాస్టారు చెప్పిన అసలు తాళం అదే. కానీ అక్కా, పాస్‌వర్డ్ కన్నా ముందు ఒక పని చేయండి. ఆరు ఇళ్ల లెక్క ఒకే ఫైల్‌లో పెట్టకండి. ఒక్కో ఇంటికి ఒక్కో ఫైల్, ఒక్కో పాస్‌వర్డ్. పక్కింటి మగ్గానికి ఎంత ఇచ్చారో తెలిస్తే వీధిలో మాట పెరుగుతుంది. నేను ఒకసారి అందరి లెక్కా ఒకే గ్రూపులో వేశాను, ఆ నెల మొత్తం టెన్షన్‌తో గడిచింది.

ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపి పాస్‌వర్డ్ ఉంటుంది కదా, అది చూసి మనవాళ్లు అన్నిటికీ అదే పద్ధతి పెడతారు. వీధిలో ఎవరి పేరేమిటో, ఎప్పుడు పుట్టారో అందరికీ తెలుసు. అది వద్దు. సంబంధం లేని రెండు మూడు మాటలు, నడుమ అంకెలు కలిపి ఇంగ్లిషు అక్షరాల్లో పెట్టండి. తెలుగులో పెడితే ఒక్కో ఫోన్ కీబోర్డు ఒక్కో తీరుగా టైప్ చేస్తుంది, తర్వాత తెరుచుకోక తిప్పలు. ఫైల్ వాట్సాప్‌లో పంపి పాస్‌వర్డ్ కూడా దాని కిందే రాయకండి. ఫోన్ చేసి నోటితో చెప్పండి, లేదా మజూరి ఇచ్చేటప్పుడు చిన్న కాగితం మీద రాసి ఇవ్వండి.

పాస్‌వర్డ్ మరిచిపోతే మళ్లీ తెప్పించే దారి లేదు. రైటర్‌లో సేవ్ చేసిన అసలు ఓడీటీ ఫైల్ మీ దగ్గర జాగ్రత్తగా ఉంచుకోండి, దాని నుంచి కొత్త పీడీఎఫ్ చేసుకోవచ్చు. పీడీఎఫ్‌కు తాళం వేసిపెడతామనే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. అక్కడ ఫైల్ ఎక్కించడమంటే అకౌంటు నంబర్లు వాళ్ల కంప్యూటర్‌కు పంపినట్టే. లిబ్రేఆఫీస్‌లో ఇంటర్నెట్ లేకుండానే పని అయిపోతున్నప్పుడు అక్కడికి ఎందుకు పోవాలి?

గద్వాల

ఇప్పటిదాకా అకౌంటు నంబరు మీద నల్ల డబ్బా గీసి పంపేదాన్ని. అది సరిపోదా?

మిర్యాలగూడ, మిల్లు లెక్కలు రాసే మనిషి

సరిపోదు. నల్ల డబ్బా కింద అంకెలు అట్లాగే ఉంటాయి, సెలెక్ట్ చేసి కాపీ చేసి ఇంకోచోట పేస్ట్ చేస్తే బయటపడతాయి. ఇప్పుడే మీ పాత ఫైల్‌లో ప్రయత్నించి చూడండి. లిబ్రేఆఫీస్‌లో టూల్స్ మెనూ కింద రిడాక్ట్ అని ఉంది. అది పేజీని బొమ్మగా మార్చి పీడీఎఫ్ చేస్తుంది, కింద అక్షరం మిగలదు. అంతకన్నా తేలిక, చివరి నాలుగు అంకెలు మాత్రమే రాసి మిగతావి అసలు టైప్ చేయకపోవడం.

గద్వాల

చూశాను. నిజంగానే వచ్చాయి, మొత్తం నంబరు! పంపినవాళ్లందరికీ ఇవాళే ఫోన్ చేసి పాత ఫైళ్లు తీసేయమని చెప్తాను.

నారాయణపేట

మాది కూడా చేనేతే, ఈ చర్చంతా రాసుకున్నాను. ఒక చిన్న సందేహం. ఇదే పద్ధతిలో చేశాను, నా ఫోన్‌లో లింకు పనిచేస్తోంది, మా వదిన ఫోన్‌లో నొక్కితే ఏమీ కావడం లేదు. ఫైల్ ఒకటే.

నల్గొండ డీటీపీ

తప్పు ఫైల్‌ది కాదు, తెరిచే యాప్‌ది. కొన్ని ఫోన్లలో ముందే వేసి ఇచ్చే చిన్న రీడర్లు పేజీని చూపిస్తాయి గానీ లింకు పట్టించుకోవు. అదే ఫైల్‌ను గూగుల్ డ్రైవ్‌లో గానీ అడోబ్ రీడర్‌లో గానీ తెరవమని చెప్పండి. అందరికీ చెప్పలేం కాబట్టి ప్రతి ఫొటో కింద చీర కోడ్, నంబరు అక్షరాల్లో కూడా రాసి పెట్టండి, లింకు కదలకపోయినా చూసి డయల్ చేస్తారు.

గద్వాల

నిన్న రాత్రి కూర్చుని 34 ఫొటోల మీద నంబరు వేశాను. అమ్మ పక్కనే ఉండి "అంచు మీదికి రానీయకు, జరీ కనపడాలి" అని చెప్తూ ఉంది. మాస్టారు చెప్పినట్టు అంచు దాకా వచ్చి ఆగేటట్టు పెట్టాను. కేటలాగ్‌కు అనుమతుల పాస్‌వర్డ్ ఒక్కటే, మజూరికి ఇంటికొక ఫైల్, తెరిచే పాస్‌వర్డ్‌తో. పొద్దున కేటలాగ్ పంపాను. లింకు నొక్కి ఇప్పటికి ముగ్గురు మెసేజ్ పెట్టారు, ముగ్గురిదీ చీర కోడ్‌తో సహా వచ్చింది.