సైనస్ లిఫ్ట్‌లో కిటికీ మీద మెంబ్రేన్ వెయ్యాలా, వదిలెయ్యొచ్చా?

పీజీ_ఫైనలియర్: నిన్నటి లేటరల్ విండో కేసులో (పై దవడ ఎముకకి పక్కన కిటికీ కోసి, సైనస్ లోపలి పొర లేపి, ఇంప్లాంటు కోసం అక్కడ ఎముక పెంచడం) బోవైన్ గ్రాన్యూల్స్ (ఆవు ఎముక గింజలు) నింపాక సార్ కిటికీ మీద కొలాజెన్ మెంబ్రేన్ (పల్చటి పొర) వేయించారు, పోయిన వారం ఇంకో సార్ ఏమీ వెయ్యకుండానే ఫ్లాప్ (కోసి లేపిన చిగురు) కుట్టేశారు. ఏది కరెక్టు? వేస్తే అది కదలకుండా పిన్ను కొట్టాలా? ఇంప్లాంటుకి ఎన్నాళ్లాగాలి?

గ్రాఫ్ట్‌మామ: వెయ్యి. ఫ్లాప్ నుంచి మెత్తటి కణజాలం పరిగెత్తుకొస్తుంది, ఎముక మెల్లగా వస్తుంది, మధ్యలో అడ్డుగోడ ఉండాలి. నేనోసారి బద్ధకించి వదిలేశా, ఏడో నెల తెరిస్తే కిటికీ దగ్గర గింజలన్నీ పీచులో ఇరుక్కుని క్యూరెట్ (గీకే పరికరం) పెడితే ఊడొచ్చాయి.

సన్నకిటికీ: మామా మీరు కిటికీ కాదు గుమ్మమే కోసుంటారు 😀 చిన్నగా కోస్తే చుట్టూ ఎముక గోడలే, మెంబ్రేన్ లేకపోయినా నిండుతుంది. వేస్తే కొత్త ఎముక ఎక్కువొస్తుందని పాత స్టడీలన్నాయి, తర్వాతి రివ్యూలు పెద్ద తేడా లేదన్నాయి.

పీఆర్ఎఫ్_పిచ్చి: కొలాజెనెందుకు దండగ, పేషెంటు రక్తం తీసి మెషిన్లో తిప్పితే పీఆర్ఎఫ్ (ప్లేట్‌లెట్-రిచ్ ఫైబ్రిన్) మెంబ్రేన్ రెడీ. వందల కేసులు చేశా, ఒక్కటీ పోలేదు.

గ్రాఫ్ట్‌మామ: ఒక్కటీ పోలేదంటే ఫాలోఅప్‌కి పిలవలేదని అర్థం బాబూ. పీఆర్ఎఫ్ రెండు వారాల్లో కరిగిపోతుంది, గాయం మానడానికి మంచిదే, అడ్డుగోడ మాత్రం కాదు.

పీఆర్ఎఫ్_పిచ్చి: కరిగేది కొలాజెన్ కూడా కరుగుతుందిగా!!

గ్రాఫ్ట్‌మామ: నెలలు పడుతుంది, క్రాస్‌లింక్ చేసి గట్టిపరిచిందైతే ఇంకా ఎక్కువ. రెండూ ఒకటేనా?

బర్‌జారింది: నాది మెంబ్రేన్ చిరిగింది, ఇప్పుడు కొత్తది వెయ్యాలా?

సన్నకిటికీ: ఏ మెంబ్రేన్ సార్? మీరేసిందా, సైనస్ లోపలి ష్నైడేరియన్ పొరా? ఇక్కడ సగం గొడవ ఈ పేరు వల్లే.

బర్‌జారింది: లోపలిదే, 3 మిల్లీమీటర్లు. సైనస్‌లో సెప్టమ్ (అడ్డు ఎముక గోడ) ఉందని సీటీలో చూసి కూడా దాని మీదే పొరని లాగాను, నా ఖర్మ.

గ్రాఫ్ట్‌మామ: చుట్టూ పొర ఇంకాస్త లేపు, టెన్షన్ తగ్గి చిల్లు మడతలో పడుతుంది, మీద కొలాజెన్ పరిచి గింజలు నింపు. అదే పెద్ద చిరుగైతే హీరోయిజం వద్దు, మూసేసి కొన్ని నెలలాగి మళ్లీ వెళ్లు. పీజోతో (అల్ట్రాసౌండ్ కంపనాలతో ఎముక కోసే పరికరం) కోసుంటే ఈ తిప్పలు తగ్గేవి.

పీఆర్ఎఫ్_పిచ్చి: చిల్లుకి పీఆర్ఎఫ్ అతికించొచ్చని ఎవరూ చెప్పరే? ఇక్కడ కొలాజెన్ భజనే.

పీజీ_ఫైనలియర్: పిన్ను సంగతి? ఇంప్లాంటుకి ఎన్నాళ్లాగాలో కూడా ఎవరూ చెప్పలేదు.

సన్నకిటికీ: గ్రాన్యూల్స్‌తో ఆర్నెల్ల నుంచి తొమ్మిది నెలలు ఆగుతాం. అడుగున 4-5 మిల్లీమీటర్ల ఎముకుండి ఇంప్లాంట్ బిగుతుగా నిలిస్తే అదే రోజు పెట్టేస్తాం.

పన్నుబాధితురాలు: డాక్టర్లూ, నాకు మొన్నే ఇదే చేశారు, మీ గొడవ చదివాక భయమేస్తోంది, తుమ్మొస్తోంది ఏం చెయ్యాలి??

బర్‌జారింది: ఆపుకోకండమ్మా, నోరు బాగా తెరిచి తుమ్మండి. ముక్కు మాత్రం చీదొద్దు, లోపల ప్రెషర్ పడి గింజలు కదులుతాయి.

గ్రాఫ్ట్‌మామ: సిగరెట్లూ మానమని చెప్పండి.

పన్నుబాధితురాలు: నేను తాగనండీ, మా ఆయన తాగుతాడు.