మన ఊరి సుషీ హోటల్‌కి ఒక్క స్టార్ ఇచ్చాను, తప్పా?

సాయినగర్ అమ్మాయి:
అనంతపురంలో ఆరు నెలల కిందట చిన్న సుషీ (జపాన్ వాళ్ళ అన్నం రోల్స్) హోటల్ ఒకటి పెట్టినారు, పేరు ఇక్కడ రాయను. ఎనిమిది టేబుళ్ళు. కీరకాయ రోల్ ఆరు ముక్కలు 120, రొయ్యలది 190. మన జేబుకి అందే రేటే కదా అని మొన్న శనివారం రాత్రి అమ్మనీ అక్క కొడుకునీ తీసుకుపోయినా. అన్నం చల్లగా, గట్టిగా ఉంది. వేళ్ళతో పట్టుకుంటే ముద్ద నిలవలేదు, మెతుకు మెతుకూ విడిపోయి ప్లేట్‌లో రాలింది, నోట్లో పెట్టుకుంటే సుద్దముక్క నమిలినట్టు. పైన చుట్టిన నోరి, అదే ఎండబెట్టిన సముద్రపు నాచు ఆకేమో తడిసిన అట్టలాగా సాగింది. సర్వ్ చేసే అబ్బాయికి చెబితే "సుషీ అంటే చల్లగానే ఉంటుంది మేడమ్" అన్నాడు. అమ్మ చేత్తో తీసుకుంటుంటే ఏమీ మాట్లాడకుండా చాప్‌స్టిక్స్ ఆమె ముందుకు జరిపినాడు. అమ్మ ఇంక రెండో ముక్క ముట్టలేదు. ఇంటికొచ్చి ఒక్క స్టార్ ఇచ్చి జరిగింది జరిగినట్టు రాసినా. బిల్లు కోసం ఇచ్చిన నంబర్‌కి మరుసటి రోజు ఓనరే ఫోన్ చేసి తీసేయమన్నాడు. ఫ్రెండ్స్‌లో సగం మంది తీసేయ్ అంటున్నారు. మీరేమంటారు?

గడియారస్తంభం:
సముద్రం ఎక్కడ, మనం ఎక్కడ. పచ్చి చేప ఈ ఊర్లో తినడమే తప్పు, ఇంక అన్నం గురించి పంచాయితీ ఎందుకు?

జేఎన్టీయూ హాస్టల్:
నేను నాలుగుసార్లు తిన్నా, బాగానే ఉంది. నాలుగుసార్లూ మధ్యాహ్నమే పోయినా.

పాతూరు తమ్ముడు:
అక్కా, నన్నడిగితే తప్పే. అన్నం బాగలేకపోతే పిలిచి చెప్పాలి, వేరేది తెమ్మనాలి, అప్పటికీ వినకపోతే ఓనర్‌తో మాట్లాడాలి. నేరుగా పోయి ఒక్క స్టార్ వేస్తే ఎట్లా? పెద్ద హోటళ్ళకి వేల రివ్యూలు ఉంటాయి, ఒక స్టార్ పడినా వాళ్ళకు దోమ కుట్టినట్టు కూడా ఉండదు. ఇతనికి మొత్తం అరవై రివ్యూలు కూడా లేవు, ఒక్కటి పడితే రేటింగ్ దిగిపోతుంది, ఆర్డర్లు పడిపోతాయి. ఎవడో కుర్రోడు అప్పు చేసి ధైర్యంగా ఊర్లో లేని తిండి తెచ్చి పెట్టినాడు, మనం నిలబెట్టుకోవాలి కదా. 120 రూపాయలకి ఇంకేం కావాలి?

వంటగది 17:
గడియారస్తంభం అన్నకి ముందు ఒక మాట. సుషీ అంటే పచ్చి చేప కాదు, వెనిగర్, చక్కెర, ఉప్పు కలిపిన అన్నం. ఆ అన్నంతో చేసింది ఏదైనా సుషీయే, లోపల కీరకాయ ఉన్నా సరే. అన్నం లేకుండా ఉత్త పచ్చి చేప కోసి పెడితే దాన్ని సాషిమి అంటారు. పచ్చిగా తినే చేపనైనా మైనస్ 20 డిగ్రీల్లో ఏడు రోజులు గడ్డకట్టిస్తే అందులోని పురుగులు చస్తాయి, అందుకే సముద్రం దూరమా దగ్గరా అన్నది ఒక్కటే లెక్క కాదు. అయితే ఆ చలికి బ్యాక్టీరియా చావదు, కాబట్టి ఫ్రీజర్ మీద నమ్మకం లేని చోట పచ్చిది తినొద్దు. మన చెరువు చేప, ఏటి చేప అయితే ఎవరు చెప్పినా పచ్చిగా తినొద్దు. ఈ హోటల్ మెనూ చూసినా, రొయ్యలు ఉడికించినవే, పచ్చి చేప అసలు లేదు.

గడియారస్తంభం:
ఏమైనా నేను తినను.

పెనుకొండ రోడ్డు:
కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చినప్పటి నుంచి మా వైపు కొరియా వాళ్ళ అన్నం రోల్ కింబాప్ చూస్తూనే ఉన్నాం, రెండూ ఒకటే కదా?

వంటగది 17:
చూడ్డానికి ఒకటే, రుచి వేరు. కింబాప్ అన్నంలో నువ్వుల నూనె కలుపుతారు, సుషీలో వెనిగర్.

సాయినగర్ అమ్మాయి:
చేప గురించి నేను ఒక్క మాట కూడా అనలేదు. నా గొడవ అన్నంతో. తమ్ముడూ, పిలిచి చెప్పినా అని పైన రాసినా, చదివినావా? ఆ అబ్బాయి నాకే పాఠం చెప్పినాడు.

పాతూరు తమ్ముడు:
చదివినా అక్కా. ఆ అబ్బాయికి చెప్పినారు, ఓనర్‌కి చెప్పలేదు. నెలకు పదివేలకు చేసే పిల్లోడికి అన్నం సంగతి ఏం తెలుస్తుంది? ఇంకోటి, ఈ ఎండల్లో కలిపిన అన్నం బయట పెడితే పాసిపోదా? మన మంచికే ఫ్రిజ్‌లో పెట్టింటాడు, అందుకే గట్టిపడింటుంది. శుభ్రంగా ఉన్నందుకు మెచ్చుకోవాలి.

వంటగది 17:
తమ్ముడూ, అక్కడే పొరపాటు. నేను బెంగళూరులో జపనీస్ కిచెన్‌లో మూడేళ్ళు పనిచేసినా, మొదటి ఏడాది అన్నం కడగడం, కలపడం తప్ప వేరే పని ఇవ్వలేదు. ఆ అన్నం ఒంటి వేడి మీద ఉండాలి, చేత్తో తాకితే వేడీ చల్లా తెలియకూడదు. తడి గుడ్డ కప్పి ఉంచితే కొన్ని గంటలు బాగుంటుంది, వెనిగర్ పులుపు కాపాడుతుంది. తిరుపతికి పోయేటప్పుడు పులిహోర కట్టుకుపోమా, చింతపండు ఉంది కాబట్టే కదా దారిలో పాడవకుండా ఉండేది. అదే పులిహోరని రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున తిని చూడు. ఫ్రిజ్‌లో ఏ అన్నమైనా బిగుసుకుపోతుంది, దాంతో సుషీ చుట్టకూడదు. మధ్యాహ్నం కలిపింది మిగిలితే పారేసి రాత్రికి మళ్ళీ కొంచెం కలుపుకోవాలి. మెతుకు మెతుకూ విడిపోయింది అంటున్నారు కాబట్టి సుషీకి వాడే జిగురు పొట్టి బియ్యం కాకుండా సోనా మసూరి వాడినాడేమో అని కూడా నాకు అనుమానం. సోనా మసూరి పొడిపొడిగా ఉండటమే దాని గొప్ప, చుట్టడానికి అది పనికిరాదు.

ఇంక చేత్తో తినడం. జపాన్‌లో నిగిరి సుషీని (చిన్న అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టేది) చేత్తో తినడం మామూలే, చాప్‌స్టిక్స్‌తో తినేవాళ్ళు తింటారు, రెండూ మర్యాదే. మీ అమ్మగారు చేసిందాంట్లో తప్పు లేదని ఆమెకు చెప్పండి.

సాయినగర్ అమ్మాయి:
చదివి వినిపించినా అన్నా. రెండోసారి చదవమంది.

జేఎన్టీయూ హాస్టల్:
అందుకే నాకు బాగున్నట్టుంది, మధ్యాహ్నం అన్నం తాజాగా ఉంటుంది.

పాతూరు తమ్ముడు:
సరే, అన్నం తప్పే అనుకుందాం. ఒక్క స్టార్ వేయాల్సినంత తప్పా? మూడు వేయొచ్చు కదా. నేనెందుకు ఇంతగా చెబుతున్నానో చెప్తా. మా నాయన పద్నాలుగేళ్ళు టిఫిన్ సెంటర్ నడిపినాడు. పొద్దున నాలుగుకు లేచి బొరుగులు నానబెట్టి ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ. ఎవరో బొద్దింక ఫోటో పెట్టి ఒక్క స్టార్ వేసినారు. ఆ ప్లేట్ మాది కాదు, మావి స్టీలు ప్లేట్లు, ఫోటోలో ఉన్నది తెల్ల ప్లాస్టిక్ ప్లేట్. ఎన్నిసార్లు రాసినా ఎవరూ తీయలేదు. ఫోన్ ఆర్డర్లు పోయినాయి, మూడు నెలలకి షాపు మూసినాం. ఇప్పుడు మా నాయన వేరేవాళ్ళ హోటల్లో పెనం దగ్గర నిలబడతాడు. మీరు రెండు నిమిషాల్లో రాసి పడుకుంటారు, అవతల ఒక ఇల్లు మునుగుతుంది.

సాయినగర్ అమ్మాయి:
మీ నాయనకి జరిగింది అన్యాయమే. కానీ అది అబద్ధపు ఫోటో, నేను రాసింది నిజం. రెంటినీ ఒకే గాటన కట్టొద్దు.

పాతూరు తమ్ముడు:
నిజమే రాసినారు, కాదనను. మీలాంటోళ్ళు బెంగళూరు పోయి ఏడొందలు పెట్టి తిని ఒక్క మాట అనరు, అక్కడ అన్నం గట్టిగా ఉంటే అట్లానే ఉంటుందేమో అనుకుని వస్తారు. మన ఊరోడు 120కి పెడితే మాత్రం భూతద్దం తీస్తారు.

సాయినగర్ అమ్మాయి:
ఇంతవరకు రాయకూడదనుకున్నా, ఇప్పుడు రాస్తా. ఫోన్‌లో ఆ ఓనర్ నాతో అన్న మాట: "బెంగళూరు రేటు ఇస్తారా మేడమ్? అనంతపురానికి ఇది చాలు." ఒక్క స్టార్ ఉంచాలని గట్టిగా అనుకుంది ఆ మాట తర్వాతే. పుట్టినప్పటి నుంచి వింటున్నా దీన్ని. ఆస్పత్రిలో ఇది చాలు, బస్సుకి ఇది చాలు, నీళ్ళకి నాలుగు రోజులకోసారి వదిలితే చాలు. మా అమ్మ జీవితంలో మొదటిసారి సుషీ తిందామని కొత్త చీర కట్టుకుని వచ్చింది, ఆమెకి ఫ్రిజ్ అన్నం చాలా? ఆ నిగిరి సుషీ పెరిగిందే మామూలు జనం తినే బండి మీద. రెండొందల ఏళ్ళ కిందట ఇప్పటి టోక్యోలో పనివాళ్ళు నిలబడి తిని పోయే తిండి అది. 1958లో ఒసాకా వైపు బెల్టు మీద ప్లేట్లు తిప్పడం మొదలుపెట్టింది కూడా చవగ్గా, తొందరగా అందించాలనే. రేటు తక్కువని అక్కడ ఎవరూ పాసిన అన్నం పెట్టలేదు. మీ నాయన ఉగ్గాని ఎంతకి అమ్మినాడు? చవకే కదా, ముందు రోజు బొరుగులు పెట్టినాడా?

పాతూరు తమ్ముడు:
పెట్టలేదు. సాయంత్రం మిగిలింది ఆవుకి వేసేవాడు.

ఆ మాట అన్నాడని మొదటే రాసుంటే నేను ఇంత దూరం వచ్చేవాడిని కాదు. అది తప్పు మాట, ఒప్పుకుంటా. కానీ ఒక్క స్టార్ మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను, ఆ స్టార్ ఆ పిల్లోడి జీతం మీద కూడా పడుతుంది.

గడియారస్తంభం:
ఓనర్ అన్న మాట తప్పు. క్షమాపణ చెప్పాలి.

వంటగది 17:
బియ్యం ఎక్కడ తెచ్చుకోవాలో, అన్నం ఎట్లా కలపాలో అతనికి కావాలంటే నేను పోయి చూపిస్తా, డబ్బులు అక్కర్లేదు. అడిగితేనే పోతా.

సాయినగర్ అమ్మాయి:
ఆ మాట అతనికి మెసేజ్ పెట్టినా అన్నా. చూసినాడు, జవాబు లేదు. రివ్యూ అట్లానే ఉంది, చివర ఒక వాక్యం కలిపినా: మధ్యాహ్నం పోతే అన్నం బాగుంటుందని ఒకరు చెప్పినారు, రాత్రి పోయేవాళ్ళు ముందు అన్నం ఎప్పుడు కలిపినారో అడగండి.